పొట్టంగి మృగం గొంతు ఎవరిది

నా గుండెల మీద ఒక మృగం కూర్చుని చాలా ఏళ్లయింది. దాన్ని తయారు చేసింది నేనే. దింపుకోవడం చేతకాలేదు.

మీకే ఎందుకు చెబుతున్నాను? మీరు నన్ను ఎరగరు గనక. ఎరిగిన వాళ్లయితే నవ్వేస్తారు. రాయగడ బజారులో బెల్లం కొట్టాయన కూడా నా కబుర్లను తరుగు తీసే వింటాడు.

గాజుల కొట్టు పైన, రేకుల కప్పు కింద నాకొక చిన్న రికార్డింగు గది ఉంది. పెళ్లి వీడియోలకు పాటలు అతికిస్తాను, ఆటోల్లో తిరిగే ప్రకటనలు చదువుతాను. పొట్ట గడిచేది వాటితో. పేరొచ్చింది మాత్రం దెయ్యాల కథల వల్ల. మొదట సీడీల్లో, తర్వాత ఇంటర్నెట్లో కథలు చెప్పేవాళ్లకు ఈ లోకంలో లేని జంతువుల గొంతులు చేసి ఇస్తాను. గేదె ముక్కుతో వదిలిన గాలి, ఖాళీ డ్రమ్ములో దొర్లించిన గులకరాళ్లు, తడి గోనెసంచి ఈడ్చిన చప్పుడు. వీటిని ఒకదాని కింద ఒకటి పేర్చి వేగం తగ్గిస్తాను. వేగం తగ్గితే ఏ శబ్దమైనా లోతుకు దిగిపోతుంది. పిచ్చుక ఏనుగవుతుంది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుంటే గోడలు మెల్లగా వెనక్కి జరిగి, పొట్టంగి ఘాటీ కొండదారి పొగమంచులో ఒంటరిగా నిలబడ్డట్టు, పక్కనే ఎక్కడో కాలం కూడా ఆగి ఊపిరి తీసుకుంటున్నట్టు ఉంటుంది.

నేను చేసిన వాటిలో అందరికీ గుర్తున్నది ఒక్కటే, పొట్టంగి మృగం. ఆ అరుపు ఎక్కడ దొరికిందని అడిగిన ప్రతివాడికీ కొత్త కథ చెప్పాను. గుహలో ముసలి ఎలుగుబంటి ముందు మైకు పెట్టానన్నాను. అది మైకును నాకి, ఉప్పు తక్కువైందని మొహం చిట్లించిందన్నాను. దసమంతపూర్ అవతల కొండ చీలికలో గాలి అలా ఏడుస్తుందని ఇంకొకరితో అన్నాను. ఏదీ నిజం కాదు.

ఆ గొంతు సూరమ్మ పిన్నిది.

కింద గాజుల కొట్టు ఆవిడదే. వరసకు పిన్ని కాదు, చిన్నప్పటి నుంచి అలా పిలిచాను. ఊపిరితిత్తుల జబ్బుతో ఆవిడ గొంతు గరుకెక్కింది. మాట్లాడుతుంటే బావిగట్టు మీద కొబ్బరితాడు రాసుకున్నట్టుండేది. ఏ యంత్రంతోనూ నాకు ఆ గరుకు రాలేదు. కానీ జబ్బు గొంతు ఇమ్మని ఎవరినైనా ఎలా అడుగుతాం? పిల్లల కోసం కథ చెప్పమన్నాను.

పట్టుచీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని వచ్చింది.

"మైకుకి కనపడవు పిన్నీ."

"నాకు కనపడతాను కదరా," అంది.

సంతకెళ్లి దారి తప్పిన నక్క కథ చెప్పింది. మధ్యలో వాన మొదలైంది, రేకుల మీద టపటపమని. ఆవిడ కథ ఆపి కిటికీ వైపు తిరిగి, ఒంట్లో ఉన్న ఊపిరంతా పెట్టి ఒక్క కేక వేసింది. చివర గొంతు చీలింది. అప్పుడు నేను మనిషిని చూశానా? లేదు. ముడిసరుకును చూశాను.

ఆ కేక మృగం అరుపైంది. ఆ వానే, వేగం తగ్గించాక, దాని అడుగుల చప్పుడైంది. నక్క కథ అలాగే పడి ఉంది. మెట్లెక్కినప్పుడల్లా "నా కద ఎప్పుడొస్తాదిరా?" అని అడిగేది. పనిలో ఉందనేవాణ్ని. ఒకసారి పైనుంచి అరుపు వినబడి, "ఏటిరా ఆ గోల, పేణాలు పోతన్నాయి," అని నవ్వింది. తన గొంతుకు తనే దడుచుకుంది. నేనూ నవ్వాను. తన కథ వినకుండానే పోయింది.

ఆవిడ కూతురు వరాలు అప్పుడు చిన్నపిల్ల, ఇప్పుడు తెరుబలి ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తోంది. కిందటి వానాకాలం వచ్చి అమ్మ గొంతు ఉందా అని అడిగింది. డిస్కు పాడైపోనాదే అమ్మీ, అన్నాను.

"నీ అబద్దాలు నాకు తెలవ్వేటి అన్నియ్యా. ఓపాలి సరిగ్గా ఎతుకు. పొటోలున్నాయి గానీ గొంతు మరిసిపోతన్నాను."

ఆ మాట నన్ను నిలవనివ్వలేదు. దొరికిందని చెప్పి నక్క కథ పంపాను. ఆ కేక ఉన్న ముక్క మాత్రం కోసేసి పంపాను. ఎందుకు కోశాను? గుర్తుపడుతుందని భయమా? మృగం అరుపు ఆమె కొడుకు ఫోన్లో రోజూ మోగుతుంది, ఏనాడూ గుర్తుపట్టలేదు. మరేమిటి? ఇలా రాస్తుంటేనే తెలుస్తోంది. ఆ కేక నా సొంతమని అనుకున్నాను. నాకు పేరు తెచ్చిన సరుకును ఇంకొకరితో పంచుకోలేకపోయాను.

విన్నాక ఫోను చేసింది.

"కద మద్దిలో అమ్మ ఓ సోట ఆగిపోనాది. ఏటైంది?"

"దగ్గొచ్చింది, తీసేసేను."

"దగ్గయినా ఉంచీవోడివి కాదా అన్నియ్యా." తర్వాత, "ఇదైనా దొరికింది. నీ మేలు మరిసిపోను," అంది.

పిన్నిని మోసం చేసిన దానికన్నా ఈ మేలన్న మాట నాకు ఎక్కువ బరువైంది.

అక్కడ దగ్గు లేదు. వీధిలో ఆడుకుంటున్న కూతుర్ని తల్లి పిలిచింది. "అమ్మీ, వానొత్తంది, తడిసిపోతావు, లోపలికొచ్చీయే." కొండల నిండా పిల్లల్ని దుప్పట్లో దూరేలా చేసిన అరుపు ఇదే.

ఈ ఉదయం ఆ ముక్కను ఏ మార్పూ లేకుండా వరాలుకు పంపాను. దాన్ని ఏం చేశానో, ఎందుకు దాచానో కింద అంతా రాశాను. ఎక్కడా మెరుగు పెట్టలేదు. ఆమె విన్నట్టు ఫోన్లో నీలం టిక్కు పడింది. మధ్యాహ్నం దాటింది, జవాబు లేదు. ఇక ముందు నన్ను అన్నియ్యా అంటుందో లేదో తెలియదు. అడిగే మొహమూ లేదు. వాళ్లమ్మ పిలుపు మాత్రం ఇప్పుడు ఆమె దగ్గర ఉంది.