చల్లని బండ

నేను మోస్తున్న బరువెంతో నాకు కచ్చితంగా తెలుసు. ఇరవై తులాలు. అరచేయంత తాండూరు బండ ముక్క, నడుమ రెండు బెజ్జాలు. ఇన్నేళ్లుగా బల్ల మీద కాగితాలు ఎగరకుండా దాన్నే పెడుతున్నాను. చూసిన వాళ్లు ఏదో జ్ఞాపకం అనుకుంటారు. అది నేను చేసిన తప్పుడు పని. ఎవరికీ చెప్పలేదు, మీకు చెబుతున్నాను. నా మీద జాలి పడాలనుకుంటే మాత్రం ఇక్కడే ఆపేయండి.

పందొమ్మిది వందల అరవైలలో తాండూరు స్టేషన్ దగ్గర నాకు రేడియో రిపేరు దుకాణం ఉండేది. పల్లెలకు అప్పుడప్పుడే కరెంటు వస్తోంది. అంతకు ముందు కొన్న రేడియోలు సెల్లులతో నడిచేవి. వాటి కోసం నేనొక పెట్టె తయారు చేసేవాణ్ణి. గోడలోని కరెంటును తగ్గించి, సెల్లులు ఇచ్చినట్టే తొమ్మిది వోల్టులు ఇచ్చే పెట్టె. ఎలిమినేటర్ అనేవాళ్లం. అందులో ఒక చిక్కుంది. లోపల తయారయ్యేది పద్దెనిమిది వోల్టులు, రేడియోకు పోవలసింది తొమ్మిదే. మిగతాదంతా నడుమనున్న ట్రాన్సిస్టర్ మింగుతుంది. మింగినదంతా వేడి అవుతుంది. ఆ వేడిని బయటికి పంపకపోతే ట్రాన్సిస్టర్ చస్తుంది, పద్దెనిమిదీ వెళ్లి రేడియో మీద పడతాయి.

నాకు పని నేర్పిన ఉస్తాద్‌ది వికారాబాద్. ఆయన ట్రాన్సిస్టర్‌ను అల్యూమినియం రేకుకు బిగించి, రేకును నిలబెట్టి, పెట్టెకు పైనా కిందా బెజ్జాలు వేసేవాడు. రేకుకూ ట్రాన్సిస్టర్‌కూ మధ్య పల్చని అభ్రకం ముక్క ఉండాలి, లేకపోతే కరెంటు రేకంతా పాకుతుంది. ఆ రేకూ అభ్రకమూ హైదరాబాద్ నుంచి రావాలి. నాకంత ఓపిక లేదు. పైగా నేను తాండూరు వాణ్ణి. ఎండాకాలం మధ్యాహ్నం చాప కూడా తీసేసి వట్టి బండ మీద వీపు ఆనించి పెరిగినవాణ్ణి. మా బండ కంటే చల్లనిదేముంది? దానికి కరెంటు పాకదు, అభ్రకంతో పనే లేదు. ఉస్తాద్‌కు తట్టనిది నాకు తట్టిందని ఎంత మురిసిపోయానో. ట్రాన్సిస్టర్‌ను బండకు బిగించాను. అరగంట నడిపి చెయ్యి పెట్టి చూశాను. చల్లగానే ఉంది.

అరగంటే చూశాను. రెండో గంట ఎందుకు చూడలేదు? చూస్తే ఏం తేలుతుందోనని నాలో ఎక్కడో అనుమానం ఉండి ఉంటుందా? ఏమో. ఉందనే అనుకోండి, నాకు అభ్యంతరం లేదు.

ఆ పెట్టె ఒకటి యాలాల్ వైపు ఒక పల్లెలో పంచాయతీ రేడియోకు ఇచ్చాను. ఆ రేడియోను చూసుకునే మనిషి మల్లయ్య, గొర్ల కాపరి. గొర్లను తమ్ముడికి అప్పగించి మరీ రేడియో గది తాళంచెవి తీసుకున్నాడు. సాయంత్రం ఊరంతా వచ్చి కూర్చుంటే తిప్పేది అతనే. రేడియో మల్లయ్య అని పిలిచేవాళ్లు. అలా పిలిచినప్పుడు అతని ముఖం ఎంత వెలిగేదో నేను కళ్లారా చూశాను.

ఎండాకాలంలో ఒకరోజు పంచాయతీ మీటింగుకని పొద్దటి నుంచి రేడియో మోగుతూనే ఉంది. సాయంత్రానికి పెట్టె కాలింది, దాంతోపాటు రేడియో. నన్ను పిలిపించారు. మూత విప్పి చెయ్యి పెడితే బండ ఇంకా సుర్రుమంది. నాకు అప్పుడే అర్థమైంది. బండ వేడిని తాగుతుంది, తాగినంత తొందరగా వదలదు. గాలి ఆడని పెట్టెలో అసలే వదలదు. చుట్టూ జనం నిలబడి ఉన్నారు. పక్కన మల్లయ్య నల్ల గొంగడి మడత పెట్టి ఉంది. పని అయ్యాక దుమ్ము పడకుండా రేడియో మీదా పెట్టె మీదా కప్పే ఉన్ని గొంగడి. నా కళ్లు దాని మీద పడ్డాయి.

గొంగడి కప్పాడు, గాలి ఆడక కాలింది అన్నాను. అందరూ నమ్మారు. గొర్ల కాపరి మాట ముందు నాలాంటి భూములున్న ఇంటివాడి మాట చెల్లుతుంది. అది నాకు తెలుసు. తెలిసే అన్నాను. తాళంచెవి అక్కడే, అందరి ముందే తీసుకున్నారు.

వారం తర్వాత మల్లయ్య నా దుకాణానికి వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు.

"పటేలా, నిజంగ గొంగడితోనే కాలిందా?"

"గొంగడితోనే."

"నేను బందువెట్టి, చెయ్యివెట్టి చూసి, సల్లారినంకనే కప్పుతుంటి. పెట్టె మస్తు సేపు సల్లారకపోతుండె, మీరు మూత ఇప్పితే లోపల గా బండ కనవడ్డది. మందెంబడి తిరిగెటోన్ని, బండల సంగతి నాకెర్కే. పొద్దు గూకినా కాలు వెట్టనియ్యయి. గా బండతోనే అయ్యిందేమో, జర చూడుండ్రి."

"రేడియో పని నీకెర్కనా, నాకెర్కనా?"

"మీకే ఎర్క పటేలా."

గొంగడి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఉస్తాద్ చెప్పినా నేను వినని పాఠం, రేడియో లోపల ఏముంటుందో తెలియని మనిషి నా గడప దగ్గర అప్పజెప్పాడు. నేనేం చేశాను? హైదరాబాద్ నుంచి రేకులూ అభ్రకమూ తెప్పించాను. అప్పటిదాకా ఇచ్చిన పెట్టెలన్నీ దుమ్ము దులుపుతానని వెనక్కి తెచ్చి, బండలు పీకేసి రేకులు బిగించాను. దానికి మాత్రం ఓపిక వచ్చింది. తర్వాత నా పెట్టె ఒక్కటి కూడా కాలలేదు. ఆ పనితనం నాది, గర్వంగానే చెబుతాను. ఆ అబద్ధమూ నాదే.

వయసు చిన్నదని చెప్పుకోను. భయపడ్డానని చెప్పుకోను. ఒక్క రేడియోకు ఇంత రాద్ధాంతమా అని మీరంటే ఒప్పుకోను. ఊరు అతన్ని మళ్లీ రేడియో మల్లయ్య అనలేదు. గొంగడి మల్లయ్య అంది, పిల్లలతో సహా. అంగడి రోజుల్లో అతను నా దుకాణం ముందు నుంచే వెళ్లేవాడు. పిలిచి నిజం చెప్పగలిగేవాణ్ణే. ప్రతిసారీ తల వంచుకుని రేడియోలోకి చూశాను. అలా ఎన్నేళ్లు చూశానో. ఇప్పుడతను లేడు. నన్ను క్షమించే హక్కు అతనిది, దాన్ని ఇంకెవరూ వాడుకోవద్దు.

అప్పుడు ఊరందరి ముందు చెప్పవలసిన మాట ఇది. మల్లయ్య రేడియో బందు చేసి, చెయ్యి పెట్టి చూసి, చల్లారిన తర్వాతే గొంగడి కప్పాడు.