కాటా అక్క, తడి దూది

అదేనండి, మీకు నవ్వొస్తుంది కానీ, పసిపిల్ల ఉచ్చ పోసిందని ఒక గదిలో ఉన్నవాళ్ళందరి మొహాలూ వెలిగిపోవడం మీరెప్పుడైనా చూశారా? కాటా అక్క చాలాసార్లు చూసింది. నెలలు నిండకుండా, అరచేతిలో పట్టేంత ఉండగానే పుట్టేసిన పిల్లల వార్డులో ఆవిడ ఆయా. డైపర్లు తూచడం ఆవిడ పని, అందుకే ఆ పేరు. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఆ పిల్లల చర్మం ఉల్లిపొరలా ఉంటుంది. ఒంట్లో నీళ్ళు దాంట్లోంచే ఆవిరైపోతుంటాయి. నీళ్ళు తక్కువైతే పిల్ల వాడిపోతుంది, ఎక్కువైతే ఒళ్ళు ఉబ్బి ఊపిరికి అడ్డం పడతాయి. సెలైన్ ఎంత ఎక్కిందో పంపు చెబుతుంది. ఎంత బయటికొచ్చిందో కాటా అక్క చెప్పాలి. ఎండు డైపరు తూచి, దానిమీదే పెన్నుతో బరువు రాసి పిల్లకి పెడుతుంది. తీశాక మళ్ళీ తూస్తుంది. తేడా ఎంతుంటే ఉచ్చ అంత.

ఆ రోజు పొద్దున ఇంట్లోంచి బయల్దేరుతుంటే మొగుడు అరిగిపోయిన రబ్బరు వాషరొకటి చేతిలో పెట్టాడు. వంటింటి కుళాయి ఎప్పట్నుంచో కారుతోంది.

"ఇది చూపించి ఇలాంటిదే పట్రా. నేను బస్సు దిగేసరికి కొట్టు మూసేస్తాడు. అక్కడేమో చుక్కచుక్కకీ లెక్క, ఇక్కడేమో బకెట్లకి బకెట్లు!"

"తెస్తాలే మహానుభావా," అని సంచిలో వేసుకుంది. అంతకుముందు కూడా అలాగే అందనుకోండి, అది వేరే సంగతి.

వార్డులో కిటికీ పక్క గాజు పెట్టెలో ఒక ఆడపిల్ల ఉంది. ముందురోజు నుంచీ ఉచ్చ సరిగా పోయడం లేదు. వాళ్ళమ్మ పచ్చి బాలింత, అయినా ఆ కుర్చీ వదలదు. డాక్టరమ్మ ఉన్నమాట చెప్పేసింది.

"సాయంత్రంలోపు బాగా పోస్తే సెలైన్ పెంచుదాం. లేకపోతే పెంచలేం, తగ్గించాలి. కిడ్నీలు ఎలా ఉన్నాయో చూడాలి."

మధ్యాహ్నం అక్క డైపరు విప్పింది. తడి దూదితో తుడిచి, ఆ దూదిని పక్కనున్న ట్రేలో వెయ్యాలి. అదీ పద్ధతి. సరిగ్గా అప్పుడే పక్క పెట్టె దగ్గర మిషను మోగింది. "అక్కా, ఇటొచ్చి పట్టు!" అని సిస్టరు కేకేసింది. అక్క గబగబా కొత్తది పెట్టేసి, పాతది చుట్టేసి, పరిగెత్తింది. తిరిగొచ్చి కాటా మీద పెడితే బరువు చూపించింది.

"సిస్టర్! పోసింది! బాగానే పోసింది!"

ఆ తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. డాక్టరమ్మ నవ్వుతూ వచ్చి పంపు మీటల మీద చెయ్యి పెట్టింది. దూది పారేద్దామని అక్క ట్రే అందుకుంది. ట్రే ఖాళీ.

కాటా మీదున్న పాత డైపరు వైపు చూసింది.

"ఆగండి మేడమ్."

డైపరు మళ్ళీ విప్పింది. లోపల ముద్దలా తడి దూది.

"ఈ తూకం లెక్కలో వెయ్యకండి. దూది నీళ్ళు కూడా ఇందులోకి దిగిపోయాయి."

"ఇన్నేళ్ళ సర్వీసు పెట్టుకుని దూది మర్చిపోయావా! కొత్తవాళ్ళకి నేర్పేది నువ్వేగా!" అంది సిస్టరు.

డాక్టరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "సరే, ఇప్పుడన్నా చెప్పావు. ఇప్పుడు పెట్టిన కొత్త డైపరు తూచి చూద్దాం. అప్పటిదాకా పంపు ముట్టుకోవద్దు."

"అయితే పొయ్యలేదా అక్కా?" అంది తల్లి.

"ఏమో అమ్మాయ్. పోసిందనీ చెప్పలేను, పొయ్యలేదనీ చెప్పలేను."

"ఆశ పెట్టి లాగేసుకున్నావు కదా," అని ఆ తల్లి మొహం తిప్పేసుకుంది. నిజమే కదా.

డ్యూటీ దిగే వేళయింది. సిస్టరు వెళ్ళిపొమ్మంది.

"నేను చెడగొట్టిన లెక్క. చూసే పోతాను," అని అక్క స్టూలు లాక్కుని కూర్చుంది. ఇద్దరాడవాళ్ళూ గాజు పెట్టెకి చెరోపక్క. కాసేపటికి తల్లే ఫ్లాస్కులోంచి కొంచెం టీ పోసి ఇటు జరిపింది.

మళ్ళీ మార్చే వేళకి చీకటి పడుతోంది. అక్క తుడిచిన దూదిని ట్రేలో వేసి, ఆ ట్రేని తల్లికి చూపించింది. డైపరు పట్టుకుంటే వెచ్చగా తగిలింది. తూచింది, నమ్మకం కుదరక మళ్ళీ తూచింది.

"పోసిందమ్మా! ఈసారి నీ కూతురిదే, దూదిది కాదు!"

తల్లి ఏడుస్తూనే నవ్వింది. ఎంతని? చెంచాడు కూడా ఉండదు. డాక్టరమ్మకి అది చాలు. సెలైన్ ఒక్క పిసరు పెంచింది.

అక్క వీధిలోకి వచ్చేసరికి హార్డువేరు కొట్టు షట్టరు దిగిపోయి ఉంది. ఇంట్లో కుళాయి కింద బకెట్టు నిండి పొర్లుతోంది.

"వాషరేదే?" అన్నాడు మొగుడు.

"రేపు," అంది అక్క, బకెట్టు ఎత్తి పక్కన పెట్టి, ఖాళీది కుళాయి కింద పెడుతూ. అరిగిన వాషరు సంచి అడుగున అలాగే ఉంది.