అంగడి ముందు ఉడికిన పప్పు

ఈ ఉదయం రాగిసంగటి ముద్ద విరిచేసరికి లోపల పొడిపిండి వేలికి తగిలింది. పైకి నున్నగా, గుండ్రంగా, ఫోటో తీసుకునేంత అందంగా ఉంది ముద్ద. లోపల మాత్రం శనగగింజంత ఉండలు. వెంటనే నా నోటిదాకా వచ్చిన మాట, "మిల్లువాడు పిండి సరిగా ఆడలేదు" అని. నా స్వభావం అది. వంట చెడితే ముందు గ్యాస్ పొయ్యి, తర్వాత గిన్నె, తర్వాత ఉప్పు డబ్బా సర్దిన మా ఆవిడ సుజాత, ఈ వరసలో తప్పు పంచుతూ పోతాను. నా వంతు ఎప్పుడూ ఆఖరున వస్తుంది. ఈ పొద్దు ఆ మాట మింగి, "పిండి వేసినాక మూత పెట్టి ఉంచలేదు, తొందరపడి గెలికేశాను" అని చెప్పగలిగాను. ఆ చెప్పడం నాకు నేర్పింది రమణమ్మత్త.

మా పెళ్లయిన కొత్తలో మార్కాపురంలో అద్దెకున్నప్పుడు ఆమె మా పక్కింటావిడ. చుట్టరికం ఏమీ లేదు. వాళ్లది వ్యాపారుల ఇల్లు, మాది పెద్దారవీడు వైపు సేద్యం చేసుకునే కుటుంబం. అయినా మొదటి రోజే నేను అత్తా అన్నాను, ఆమె అల్లుడూ అంది. వాళ్ల ఇంటి ముందు గదిలోనే భర్త శెట్టిగారి కిరాణా అంగడి. ఆయన మితభాషి. త్రాసు ముల్లు నిలబడేదాకా ఊపిరి కూడా బిగబట్టేవాడేమో అనిపించేది. ఆమె ఆయనకు పూర్తిగా భిన్నం. వేడన్నంలో కందిపొడి, నెయ్యి కలుపుకుంటున్నప్పుడు ఎవరొచ్చినా, "కూర్చోండి, ఈ ముద్ద అయినాక పలకరిస్తా" అనేది. దర్శిలో పెళ్లికి పోయివస్తే పెళ్లికొడుకు ఎట్లా ఉన్నాడో చెప్పలేకపోయేది గానీ, గుత్తివంకాయలో నువ్వులు వేయించి వేశారో పచ్చివి వేశారో అరగంట చెప్పేది.

ఇంత తిండిప్రేమ ఉన్న మనిషి వంట ఎప్పుడూ కుదిరేదనుకుంటే పొరపాటు. మాటల్లో పడి ఆమె పాడుచేసిన వంటలకు లెక్కలేదు. వెలిగండ్ల నుంచి ఆమె తమ్ముడు వచ్చిన రోజు సంగటి మొత్తం ఉండలు కట్టింది. వడ్డించకముందే నిలబడి చెప్పేసింది. "ఒరే, ఇది సంగటి కాదు, గోలీలు. నాదే తప్పు. నమిలి తిను, లేకుంటే జేబులో పోసుకోని ఆడుకో." ఇంకోసారి ఓళిగలకు, అదే బొబ్బట్లకు, రుబ్బిన పూర్ణం పలుచబడి జారిపోయింది. దాంట్లో పాలు పోసి, ఏలకులు దంచి వేసి, మా ఇంటికి చెంబుతో తెచ్చింది. "ఓళిగలు చేయబోయినా, పాయసం అయింది. తాగండి." ఆ పాయసం రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది. ఆమె ఏ వంట తెచ్చినా దాంట్లోని లోటు ముందు చెప్పేది. అందుకే ఆమె "బాగుంది" అన్నప్పుడు ఎవరూ అనుమానపడేవాళ్లు కాదు.

సుజాత నర్సు. ఉదయం డ్యూటీ పడినప్పుడు వంట నాది. ఒక రోజు మా నాయన ఊరి నుంచి వచ్చాడు. మగవాడు పొయ్యి దగ్గర నిలబడటం ఆయన కళ్లారా చూస్తున్నాడని నాకు కొంచెం గర్వంగానే ఉండింది. తాగే నీళ్ల క్యాన్ ఖాళీ అయిందని, తెప్పించుకునే ఓపిక లేక, కుళాయిలో వచ్చే బోరు నీళ్లతోనే కందిపప్పు పెట్టాను. కుక్కర్ ఎన్ని కూతలు కూసినా పప్పు బద్దకు బద్ద విడిగానే ఉండింది. నాయన ఒక ముద్ద నమిలి, "ఏందిరా ఇది, రాళ్లున్నట్టుండాయి. అంగట్లో పాత సరుకు అంటగట్టినట్టున్నారు" అన్నాడు. నాకు కావలసిన దారి దొరికింది. మిగిలిన పప్పు పొట్లం పట్టుకుని నేరుగా శెట్టిగారి అంగడికి పోయి, బేరాలకు వచ్చినవాళ్లు నిండుగా ఉన్నప్పుడే, "ఇట్లాంటి పప్పా మామా మీరు అమ్మేది? ఎన్నేళ్లనాటిది?" అని గట్టిగా అడిగేశాను. ఆయన పొట్లం విప్పి, గింజలు అరచేతిలో వేసుకుని చూసి, మారు మాట్లాడకుండా డబ్బులు వాపసు ఇచ్చాడు.

ఆ మాట వీధి దాటింది. కందిపప్పు కోసం వచ్చేవాళ్లు గింజ కొరికి చూసి, మొహం అదోలా పెట్టి, ఎదురు వరసలోని దుకాణానికి పోవడం నా కిటికీలోంచే కనిపించేది. శెట్టిగారు మాత్రం నన్ను చూసి ఎప్పటిలాగే తల ఊపేవాడు. ఆ తల ఊపడం నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. చివరికి రమణమ్మత్తే మా వంటింటి గడప దగ్గరికి వచ్చింది.

"అల్లుడూ, ఆ పొద్దు పప్పు ఏ నీళ్లతో పెట్టినావు?"

"కుళాయి నీళ్లే అత్తా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మన ఊరి ఉప్పు బోరు నీళ్లల్లో పప్పు ఉడికినట్టే! నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఇదే పని చేసినా. మా అత్త తిట్టిన తిట్లు ఇంకా చెవుల్లో ఉండాయి." అంతలోనే నవ్వు ఆగిపోయింది. "మీ మామ ఆ పప్పు చేత్తో ఎంచి తెప్పిస్తాడు. ఆ ఒక్క పేరు మీదే ఆ అంగడి నడిచేది. ఇప్పుడు మూట మూటగానే ఉంది. ఆయన రాత్రిళ్లు సరిగ్గా అన్నం తినడంల్యా."

సిగ్గుతో, "సాయంత్రం వచ్చి మామకు చెప్పుకుంటాలే అత్తా" అన్నాను.

"ఆయనకు తెలీదా ఏంది? నువ్వు అన్నది అంగట్లో, అందరూ ఉండంగ. ఆ పప్పే తెచ్చి, అంగడి ముందర పొయ్యి పెట్టి వండు. మంచినీళ్లు నేనిస్తా. కుక్కర్ వద్దు. ఉడికేది జనానికి కనపడాల."

మర్నాడు పొద్దున అంగడి మెట్ల పక్కన పొయ్యి ముట్టించాను. వెడల్పాటి గిన్నె, ఆమె ఇచ్చిన మంచినీళ్లు, శెట్టిగారి మూటలోంచి తీసిన పప్పు. అంగడి ముందరి బల్ల మీద కూర్చున్నవాళ్లు ఊరుకుంటారా? "ఏంది సామీ, ఉద్యోగం ఊడిందా? పూటకూళ్ల ఇల్లు పెట్టినావా?" అన్నాడొకాయన. "పెండ్లాం బయటికి తోసింటాది" అన్నాడు ఇంకొకాయన. గరిటె పట్టుకునే చెప్పాను. "పప్పు మంచిదే. నేను బోరు నీళ్లు పోసి ఉడికించి మామను అన్నాను. తప్పు నాది." బల్ల బల్లంతా నవ్వింది. "బోరు నీళ్లా! మా ఇంట్లో చంటిదాన్ని అడిగినా చెప్పేది గదప్పా!" ఆ నవ్వులో కోపం లేదు. నా గుండె కాస్త కుదుటపడింది.

కానీ పప్పు ఇంకా ఉడకలేదు. ఉడకకపోతే? నీళ్లు తెర్లుతున్నాయి, నురగ పొంగుతోంది, అందరూ గిన్నెలోకి తొంగి చూస్తున్నారు. శెట్టిగారు త్రాసు దగ్గరే నిలబడి ఎటో చూస్తున్నట్టు నటిస్తున్నాడు. రమణమ్మత్త ఒక్క చెయ్యి కూడా వేయలేదు. పప్పు మెత్తబడ్డాక పచ్చిమిరపకాయలు, చింతపండు పులుసు వేసి, కంగారులో తాలింపు పెట్టాను. అప్పుడు ఆమె ముందుకు వచ్చి, అరచేతిలో వేయించుకుని, కళ్లు మూసుకుని రుచి చూసింది. వీధంతా వినేటట్టు చెప్పింది.

"ఉప్పు తక్కువైంది. తాలింపు మాడ్చినాడు. పప్పు మాత్రం వెన్నలెక్క ఉడికింది!"

శెట్టిగారి ముఖంలోకి రంగు రావడం నేను చూశాను. ఆయనే విస్తరాకులు చింపి అందరికీ ఇచ్చాడు. నన్ను ఎగతాళి చేసినాయన రెండోసారి వేయించుకుని, "మాడినా బాగుందిలే" అన్నాడు. మధ్యాహ్నానికల్లా ఆ మూట సగానికి దిగింది. నాయనకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఆయన అంతా విన్నాడు. చివరికి, "ఉడికిందా మరి?" అని అడిగాడు. "ఉడికింది నాయనా" అన్నాను. ఆ రెండు మాటలు చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం, తర్వాత ఉద్యోగంలో పైకి వచ్చినప్పుడు కూడా కలగలేదు.

ఆమె నాచేత అందరి ముందూ క్షమాపణ చెప్పించిందని చాలా కాలం అనుకున్నాను. గిద్దలూరుకు మారి, ఆమె పోయాక, నా వంటింట్లో నేనే నలుగురికి వండిపెట్టే వయసు వచ్చాక అర్థమైంది, ఆమె చేసింది దానికంటే పెద్దదని. ఉప్పు తక్కువని ఎంత గొంతుతో చెప్పిందో, పప్పు ఉడికిందని కూడా అంతే గొంతుతో చెప్పింది. భర్త పప్పుకు మంచి పేరు రావాలని నా వంటలోని లోటు దాచలేదు, నా మీద కోపంతో నా పనిలోని మంచినీ దాచలేదు. నాకు మొదటి సగం, నా లోటు ఒప్పుకోవడం, ఇప్పటికీ కష్టంగానే వస్తుంది. ఎదుటివాళ్ల మీదికి మాట తోసేసే అలవాటు పూర్తిగా పోలేదు. అయినా వడ్డించేముందు గరిటెడు అరచేతిలో వేసుకుని రుచి చూస్తాను. ఏం చెడిందో పైకి చెబుతాను. ఏం కుదిరిందో కూడా తల ఎత్తి చెబుతాను. "ఇంత వంట ఎవరి దగ్గర నేర్చుకున్నావు?" అని ఎవరైనా అడిగితే, మార్కాపురంలో మా అత్త దగ్గర అంటాను. చుట్టరికం ఏమిటని అడిగినవాళ్లకు ముందు ఇంకో ముద్ద వడ్డిస్తాను.