చెరువు నిండిన కబురు

సూరత్ పక్కన వడోద్‌లోని ఆ గదికి ఎవరొచ్చినా భాగీరథిని పెనిమిటి చావు గురించే అడుగుతారు. కరోనా రెండోసారి వచ్చిన ఏప్రిల్‌లో, నాలుగు రోజుల దగ్గుతో పోయాడు ముత్యం. అడిగినవాళ్ళకు ఆమె జవాబు చెబుతుంది. ఆమె మనసు ఆగేది మాత్రం అక్కడ కాదు. అంతకు ఏడాది ముందు, లాక్‌డౌన్ నాటి మే నెలలో, ఒక పొద్దుటిపూట ఫోను దగ్గర ఆగిపోతుంది.

ముత్యం ఇరవై ఆరేళ్ళు సూరత్‌లో సాంచెలు నడిపాడు. ఆ మరమగ్గాల మోతకు చెవులు సగం పోయాయి గాని, జగిత్యాల దిక్కున్న తన ఊరి చెరువు కళ్ళలోంచి చెదరలేదు. గదికి కొత్త మనిషి వస్తే చాలు, తువ్వాలను కొడవలిలా వంచి నేల మీద పరిచేవాడు.

"ఇగో, ఇది కట్ట. ఈ కొసకు మత్తడి. చెరువు నిండినంక నీళ్ళు దుంకేది ఈడికెళ్ళే. కట్ట కింద అంత వరి, అది పెద్దోళ్ళది. మనది కట్ట లోపట."

"చెరువు లోపట పొలమేందన్నా? చేపలు దున్నుతయా?" అని పక్కగది గణపతి ఎగతాళి చేసేవాడు.

"శిఖం రా, శిఖం! నీకేమెరుక, బజార్ల పుట్టినోనివి."

శిఖం అంటే చెరువు పొట్టలోని భూమి. నీళ్ళున్నన్నాళ్ళు అది చెరువుది, నీళ్ళు దిగాక రైతుది. మాఘంలో నీళ్ళు అంచు నుంచి వెనక్కి జరగడం మొదలుపెడతాయి. జరిగినకొద్దీ నల్లటి ఒండ్రు బయటపడుతుంది. ఆ తడి ఆరకముందే నువ్వులు చల్లాలి, ఆ తర్వాత దోస, పుచ్చ పాదులు పెట్టాలి. ఎరువు అక్కర్లేదు, నీళ్ళు కట్టనక్కర్లేదు. వైశాఖం వచ్చేసరికి చెరువు నడుమ ఒక్క మడుగే మిగులుతుంది, అందులో బర్రెలు పడుకుంటాయి. ఆ మడుగుకూ తుమ్మచెట్ల వరసకూ మధ్యన ముత్యం వాటా, ఒక ఎకరం. పెళ్ళయిన కొత్తలో భాగీరథి ఒక్క వేసవి అక్కడ నడిచింది. కాళ్ళ కింద నత్తగుల్లలు పటపటమన్నాయి.

ఏటా వానాకాలంలో తమ్ముడు బుచ్చిరాములు ఫోన్ చేసి "అన్నా, చెరువు నిండింది" అనేవాడు. వాళ్ళ ఊళ్ళో అది పెళ్ళి కబురంత మంచి కబురు. ఆ రోజు ముత్యం కార్ఖానాలో అందరికీ బెల్లం ముక్క పెట్టేవాడు. లాక్‌డౌన్‌కు ముందటి మూడేళ్ళు ఆ కబురు కార్తీకంలో కూడా వచ్చింది, ఒకసారి శివరాత్రి ముందర కూడా వచ్చింది. అప్పుడూ బెల్లం పంచాడు. కొట్టి పొట్లం కట్టి ఇచ్చింది భాగీరథే.

లాక్‌డౌన్‌తో సాంచెలు ఆగిపోయాయి. రెండో నెల కూడా కార్ఖానా తెరవకపోయేసరికి ముత్యం ఒక మాట మీదికి వచ్చాడు.

"ఇగ ఈ సూరత్ వద్దే. ఊరికి పోదాం. మన శిఖంల దోసకాయ పెట్టుకుంట బతుకుదాం. ఎవని సాంచె మోత వినే పని లేదు."

ఊళ్ళకు పోయేవాళ్ళ కోసం గణపతి ఒక బస్సు మాట్లాడాడు. ఎక్కేవాళ్ళ పేర్లలో వీళ్ళిద్దరివీ చేరాయి. భాగీరథి మూటలు కట్టింది. బస్సు ఇంకా రెండు రోజులుందనగా, పొలం ఎట్లా ఉందో చూపించమని ముత్యం తమ్ముడికి వీడియో కాల్ చేశాడు. బుచ్చిరాములు కట్ట మీద నిలబడి ఫోన్ తిప్పాడు.

తెరంతా నీళ్ళు. ఎండకు మెరుస్తూ, కట్ట రాళ్ళను తడుముతున్న నీళ్ళు.

"అరే, పాత వీడియో చూపెడుతున్నవేందిరా? పొలం చూపియ్."

"పాతదేందన్నా! నువ్వు మాట్లాడవడ్తివి, నేను మాట్లాడవడ్తి. ఇప్పటిదే."

"వైశాఖంల ఇన్ని నీళ్ళెక్కడియిరా?"

"కాలువ నీళ్ళు. గోదారికెళ్ళి మలిపిండ్రు. ఎండకాలం గూడ ఎండనిస్తలేరు. కట్ట కింద రెండు పంటలు పండుతున్నయ్, ఊరంత సంబురం."

"మన తుమ్మలేవిరా?"

తెర మీదికి ఒక వేలు వచ్చింది. ఆ వేలు చూపిన చోట, నీళ్ళ నడుమ రెండు మోడు కొమ్మలు పైకి లేచి ఉన్నాయి. ఒకదాని మీద కొంగ కూర్చుంది.

ముత్యం ఫోన్‌ను ముఖానికి దగ్గరగా తెచ్చుకున్నాడు. "ఎప్పటి సంది?"

"మూడేండ్లాయె. నీకు చెప్తనే ఉన్న గదనే, నిండింది, నిండింది అని! నువ్వే ఖుషీ అయితివి. బెల్లం పంచిన అంటివి. అన్నకు ఆ ఎకరం మీద ఆశ లేదు గావచ్చు అనుకున్న."

ఫోన్ ఆగిపోయినా ముత్యం దాన్ని అట్లాగే ముఖానికెదురుగా పట్టుకుని ఉన్నాడు. భాగీరథి గోడకు ఆనుకుంది. తన పొలం మునిగిందని ముత్యం మూడేళ్ళు మనిషి మనిషికీ బెల్లం పెట్టి చెప్పుకున్నాడు. ఆ బెల్లం తానే కొట్టింది. ఆమె కుండలోంచి నీళ్ళు ముంచింది గాని, తాగలేక గ్లాసు కింద పెట్టేసింది.

బస్సు వచ్చిన పొద్దున గణపతి కింది నుంచి పేర్లు పిలిచాడు. ముత్యం లేవలేదు. రెండు రోజులుగా గచ్చు మీద గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పని భాగీరథి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తానే దిగి వెళ్ళింది.

"మేం వస్తలేము, గణపతీ."

"ఏమాయె వదినె? అన్నకు జరం గిట్ల వచ్చిందా?"

జరం మాట వినగానే చుట్టూ ఉన్నవాళ్ళు నాలుగడుగులు వెనక్కి జరిగారు.

"జరం కాదు. ఊళ్ళె మా పొలం లేదట."

"అమ్ముకున్నరా?"

"అమ్మలే."

"ఎవడన్న కబ్జా వెట్టిండా?"

ఆమెకు వేరే మాట దొరకలేదు. "చెరువు వెట్టింది."

గణపతి ఒక్క క్షణం ఆమెను చూసి పకపకా నవ్వాడు. "మనుషులు చెరువును కబ్జా వెడ్తరు గని, చెరువు మనుషులను కబ్జా వెట్టుడేంది వదినె!" బస్సు కిటికీల్లోంచి ఇంకా నలుగురు నవ్వారు. నవ్వుతూనే గణపతి వాళ్ళ పేర్లు కొట్టేశాడు. బస్సు హైవే ఎక్కే కామ్‌రేజ్ దిక్కు తిరిగేదాకా ఆమె అక్కడే నిలబడింది.

పైకి వచ్చేసరికి ముత్యం లేచి కూర్చుని ఉన్నాడు.

"పోయిందా?"

"పోయింది."

"ఎక్కితే ఎక్కుదుము," అన్నాడు ముత్యం. "ఏడ దిగుదుమే?"

భాగీరథి మూట ముడి విప్పి, మధ్యాహ్నానికి బియ్యం తీసింది.