వియ్యంకుడుగారు వచ్చారని లేచిన మనిషి

కోరుకొండ నరసింహస్వామి మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. ధవళేశ్వరంలో బ్యారేజీ గేటు ఇరుక్కుంటే భుజం పెట్టి ఎత్తానని చెప్పిన నోరే ఇది, కాదనను. ఈసారి మాత్రం నమ్మండి.

అన్నయ్యకు బీపీ విపరీతంగా పెరిగి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. రాజమండ్రిలో ఒక ఆసుపత్రి ఐసీయూలో మాస్కు పెట్టుకుని ఎగశ్వాస తీస్తున్నాడు. రక్తనాళాలను వదులు చేసే మందును సిరంజిలో నింపి పంపుకు తగిలించారు. డాక్టరుగారు మైక్రోగ్రాముల్లో రాసింది గంటకు ఎన్ని ఎంఎల్ అవుతుందో ఇద్దరు నర్సులు విడివిడిగా లెక్కకట్టారు. ఒకరి కాగితం ఒకరు చూడలేదు. రెండు లెక్కలూ కలిశాకే పంపు నొక్కారు.

"అంత అనుమానమేంటమ్మా? మీరేమన్నా నాలాగా కోతలు కోస్తారా?" అన్నాను, భయం దాచుకోవడానికి.

"కొంచెం ఎక్కువైనా బీపీ ఒక్కసారి పడిపోద్దండి. అందుకే మెల్లగా పెంచుతాం, పెంచినప్పుడల్లా బీపీ చూస్తాం. మీరు కబుర్లాపి ఆయన్ని లేవకుండా చూడండి, చాలు."

నాకు అప్పగించింది ఆ ఒక్క పనే. అన్నయ్య చేతికి కట్టిన బీపీ పట్టీ బిగుసుకున్నప్పుడల్లా మానిటరు మీద అంకె కోసం కళ్ళప్పగించి చూసేవాణ్ణి. అంకె నెమ్మదిగా దిగుతోంది, ఊపిరి కాస్త కుదురుకుంటోంది. అంతలో తలుపు తెరుచుకుంది.

నరసాపురం నుంచి వియ్యంకుడుగారు. ఆడపిల్ల మామగారు గుమ్మంలో నిలబడితే మా ఇంట్లో ఎవరూ పడుకుని ఉండరు. "రండి బావగారూ" అని మాస్కులోంచే అంటూ అన్నయ్య చటుక్కున లేచి కాళ్ళు కిందికి వేసేశాడు.

"అయ్యో, పడుకోండి బావగారూ" అంటూ ఆయన ముందుకొచ్చారు. నా చేతులు అందేలోపే అన్నయ్య మొహం సున్నంలా పాలిపోయింది. ఒళ్ళంతా చెమట. తల నా భుజం మీదికి వాలిపోయింది. పంపు మాత్రం తన లెక్క ప్రకారం మందు ఎక్కిస్తూనే ఉంది. మోగింది మానిటరు.

నర్సు పరుగున వచ్చి పంపు ఆపింది, అన్నయ్యను వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తింది, డాక్టరుగారిని కేకేసింది. నేను అన్నయ్యా అన్నయ్యా అని పిలుస్తూనే ఉన్నాను. చిన్నప్పటి నుంచి నా కోతలన్నిటికీ ఊ కొట్టిన మనిషి. ఇప్పుడు పిలిస్తే ఊ అనడం లేదు.

చివరికి అంకె పైకి కదిలింది. అన్నయ్య కళ్ళు తెరిచి, "బావగారికి కాఫీ ఇచ్చారా?" అని అడిగాడు.

ఆ కాఫీ మాట నా కల్పన. అంకె కదిలింది నిజమే గాని, అన్నయ్య కళ్ళు తెరవలేదు. బయట వియ్యంకుడుగారు గోడకానుకుని, "నేను రాకుండా ఉండాల్సిందండి" అంటూ కండువాలో మొహం దాచుకున్నారు. చూడలేక ఆ మాట పుట్టించి ఆయనకు చెప్పాను. ఆయన కాఫీ తాగారు.

లోపలికి వెళ్ళేసరికి మళ్ళీ తక్కువ మోతాదుతో మందు మొదలుపెట్టారు. అన్నయ్య చెవి దగ్గర వంగి, ఆయనతో నువ్వేం అన్నావని చెప్పానో మొత్తం చెప్పి, ఎదురుచూశాను. చాలాసేపటికి ఊ అన్నాడు.