లోపలి బొట్టు

సౌజన్య బస్సు కండక్టరు. హయత్‌నగర్ నుంచి ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా కోఠికి పోయి వచ్చే బస్సు ఆమెది. కండక్టరుకు ఒక సీటు ఉంటుంది. అందులో కూర్చునే వీలు ఉండదు. ఏళ్ళ తరబడి ఆమె నిలబడే ఊరంతా తిరిగింది.

మన్సూరాబాద్‌లో ఆమె కిరాయికి ఉండే ఇంటి ఓనరు రామమోహనరావు. గుడివాడ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. వయసులో ఉన్నప్పుడు ముచ్చటపడి కొన్న స్పోర్ట్స్ కారు ఒకటి కింద పార్కింగులో తార్పాలిన్ కప్పుకుని ఉండేది. రెండే సీట్లు, గుడ్డ పైకప్పు, నేలకు ఆనినంత పొట్టి. ఇంజను నడుస్తుంది. రంగు మాత్రం పెచ్చులూడి, ఒకప్పుడు ఏ రంగో చెప్పలేకుండా ఉంది. పాత సామాన్లవాళ్ళకు ఇచ్చేస్తానని ఆయన అన్న రోజే సౌజన్య కొనుక్కుంటానంది.

"దీన్నేం చేసుకుంటావమ్మాయ్?"

"నడుపుకుంటా, అంకుల్."

"రంగు వేయించకుండా బయటికి తియ్యకు. నా పరువు పోతుంది."

"వేయించుడెందుకు? నేనే వేసుకుంటా."

అనేసింది. అన్న మాట డిపో దాకా పోయింది. ఆమె బస్సు డ్రైవరు సీతారాములు స్టీరింగు మీద చెయ్యి వేసి నవ్వాడు.

"రంగేసుడంటే టికెట్ కొట్టుడు అనుకున్నవా చెల్లె? బటన్ నొక్కితే రాదు."

"వస్తదన్న. దసరాకు డిపోకు తెస్త. బస్సుల పక్కన నిలబెడ్త."

"తే. టైర్ల కింది నిమ్మకాయలు నా తరఫున."

దసరా పొద్దున డిపోలో బస్సులన్నీ కడుగుతారు. బంతిపూల దండలు వేస్తారు, పసుపు పూసి కుంకుమ పెడతారు. ఇది ఎవరి బస్సు అంటే డ్రైవరు పేరే చెబుతారు. కండక్టరు పేరు ఎవరూ చెప్పరు. ప్రతి దసరాకూ సౌజన్య హారతి పళ్ళెం పట్టుకుని ఇంకొకరి బండి పక్కన నిలబడింది. ఈసారి తన బండి పక్కన నిలబడాలి. అది కూడా తన చేత్తో రంగు వేసిన బండి.

డ్యూటీ దిగి వచ్చి, పాత రంగు గీకే గరుకు ఎమ్రీ కాగితం పట్టేది. నీళ్ళు పోస్తూ రుద్దేది. తల్లి అండాలమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. నల్గొండ పల్లె నుంచి బిడ్డను చంకనేసుకుని వచ్చినప్పటి నుంచీ ఆమె చేతికి తీరిక తెలియదు. ఒకరోజు తానూ ఓ ముక్క కాగితం తీసుకుని కూర్చుంది.

"గుండ్రంగ రుద్దకమ్మా, సుడులు పడ్తయి. నిలువుగ రుద్దు."

"గిన్నెలు తోముడు నాకు నేర్పుతవానే?"

"ఇది గిన్నె కాదే అమ్మా."

అండాలమ్మ గొణుక్కుంటూనే నిలువుగా రుద్దింది.

సొట్టలకు పుట్టీ పెట్టింది సౌజన్య. ప్రైమర్ కొట్టింది. రంగుల దుకాణంలో ఏ రంగు అని అడిగితే తల్లి చీర తీసి కౌంటరు మీద పరిచింది. నెమలికంఠం. చీరను చూసి చూసి కలిపి ఇచ్చారు. మొదటిసారి రంగు చిమ్మే గన్ను పట్టినప్పుడు చేయి ఒకేచోట నిలిచిపోయి, తలుపు మీద రంగు ధారలు కట్టింది. చూస్తూ నిలబడింది. ఆరనిచ్చింది. మళ్ళీ రుద్దింది. గన్ను ఆగకూడదని చేతికి తెలిసింది. స్టాపు లేని చోట బస్సు పోయినట్టు పోవాలి.

దసరా ముందు రోజు పార్కింగు చుట్టూ ప్లాస్టిక్ పట్టాలు కట్టింది. దుమ్ము లేవకుండా నేల తడిపింది. మూతికి మాస్కు పెట్టుకుని బండి మొత్తానికి రంగు కొట్టింది. ఎక్కడా ధార కట్టలేదు. ఇక దాని మీద మెరుపునిచ్చే క్లియర్ కోటు పడాలి. తెచ్చిన డబ్బాలో సగం తలుపు మీద కొట్టి నేర్చుకున్నప్పుడే అయిపోయింది. ఇంకొకటి తేవడానికి ఎల్బీనగర్ పోయింది.

తిరిగి వచ్చేసరికి అండాలమ్మ బానెట్ ముందు నిలబడి ఉంది. చేతివేళ్ళు పచ్చగా ఉన్నాయి. నీలం మీద పసుపుతో మూడు అడ్డగీతలు, నడుమ కుంకుమ బొట్టు.

"ఏం చేసినవే!"

"ఎండినాక గూడ మెరుస్తలేదు బిడ్డా. పొద్దటి సంది చూస్తున్న. దిష్టి తగిలిందేమో అనుకున్న."

"మెరుపు ఇంకా కొట్టలేదే అమ్మా! ఇగో, నా చేతిల డబ్బాల ఉంది!"

అండాలమ్మ కూతురి చేతిలోని డబ్బా వంక చూసింది. కొంగు తీసి తుడవబోయింది. సౌజన్య ఆపింది. తడిగుడ్డతో తానే మెల్లగా తుడిచింది. పసుపు ముద్ద వచ్చేసింది, కుంకుమ పొడి వచ్చేసింది. మరక రాలేదు. మెరుపు పడని రంగు నీళ్ళు తాగే నేల లాంటిది. తాగేసింది.

బానెట్ మళ్ళీ రుద్దవచ్చు. కానీ కలిపిన రంగు అయిపోయింది. మళ్ళీ కలిపిస్తే అదే రంగు రావాలి, అది ఆరాలి. అప్పటికి దసరా దాటిపోతుంది. సీతారాములు నవ్వు గుర్తొచ్చింది. మరకతో తీసుకుపోయినా నవ్వుతాడు.

వంగి చూసింది. మూడు గీతలూ తిన్నగా ఉన్నాయి. గడప మీద రోజూ గీసే చెయ్యి అది. తాను ఇన్నాళ్ళు గన్నుతో నేర్చుకున్నది ఆ వేళ్ళకు ఎప్పుడో వచ్చు. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా ధార కట్టలేదు.

"అమ్మా, జర పక్కకు జరుగు."

గన్నులో క్లియర్ పోసింది. గీతల మీదుగానే కొట్టింది. నెమలికంఠం ఒక్కసారిగా తడిసినట్టు మెరిసింది. దాని అడుగున పసుపు కూడా మెరిసింది.

తెల్లారి రామమోహనరావు గేటు తీసి పట్టుకున్నాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. "నా దగ్గరున్నప్పుడు కూడా ఇంత బాలేదమ్మాయ్" అన్నాడు. అండాలమ్మ అదే చీర కట్టుకుని రెండో సీట్లో కూర్చుంది. హయత్‌నగర్ డిపోకు పోయే దారిలో సిగ్నల్ దగ్గర పక్క బండ్లవాళ్ళు చూసినప్పుడు కొంగు సర్దుకుంది.

డిపోలో కడిగిన బస్సుల పక్కన పొట్టి నీలం కారు ఆగింది. సీతారాములు వచ్చాడు. తలుపు మీద వెలుగు పడేలా వంగి ధారల కోసం వెతికాడు. దొరకలేదు. బానెట్ మీది పసుపును బొటనవేలితో రుద్దాడు. వేలు చూసుకున్నాడు.

"ఇదేంది చెల్లె, చేతికి అంటుతలేదు?"

"లోపలుందన్న. రంగుకూ మెరుపుకూ నడుమ."

"లోపల ఎట్ల పెట్టినవ్?"

"నేను పెట్టలె. మా అమ్మ పెట్టింది. తొందరపడి పెట్టింది గని, మంచిగ పెట్టింది."

"మరి వానొస్తే?"

"పోదు."

సీతారాములు వెళ్ళి తన బస్సు బొట్టు ఒకసారి చూసి వచ్చాడు. అప్పటికే అది కడిగిన తడికి కారుతోంది.

పూజ చేసే అయ్యగారు వరుసగా వస్తూ కారు దగ్గర ఆగాడు. "ఈ బండి ఎవరిది?"

సీతారాములు వంగి టైర్ల కింద నిమ్మకాయలు పెడుతున్నాడు. తలెత్తకుండానే చెప్పాడు.

"కండక్టరుది."

సౌజన్య అలవాటుగా పట్టుకున్న హారతి పళ్ళెం ఇంకొకరి చేతికి ఇచ్చి, తన సీట్లో కూర్చుంది.