అమ్మ కుట్టిన వీల్ ఎవరికీ కనబడలేదు

ఈస్టర్ దాకా చూస్తానని, ఆ తర్వాత జరిగే పెళ్లిళ్లకు కూడా ఎవరూ రాకపోతే కుట్టు మిషను అమ్మేస్తానని మా అమ్మ చెప్పేసింది. అప్పటికే టేకులపల్లి నుంచి ఒక టైలర్ వచ్చి మిషను తిప్పి చూసి, పండుగ వెళ్లాక వస్తానని మాట తీసుకుని పోయాడు. అమ్మ ఊరికే బెదిరించే మనిషి కాదు. అందుకే నాకు భయం పట్టుకుంది.

మాది సారపాక. నాన్న పేపరు మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. అమ్మ మెయిన్ రోడ్డు పక్కన చిన్న గది కిరాయికి తీసుకుని క్రైస్తవ పెళ్లికూతుళ్లకు తెల్ల గౌన్లు, తలమీద నుంచి నేలదాకా జారే వీల్ కుట్టేది. చుట్టుపక్కల చర్చిల్లో ఏ పెళ్లి జరిగినా ఒకప్పుడు ఆమే దిక్కు. కొత్తగూడెం నుంచి బొగ్గుగనుల్లో పనిచేసేవాళ్ల కుటుంబాలు కూడా బస్సెక్కి వచ్చేవి. నేల మీద తెల్ల దుప్పటి పరిచి, దాని మీద పలచని జాలీ బట్ట విప్పి, అంచుకు సన్నటి పూసలు ఒక్కొక్కటే కుట్టుకుంటూ పోయేది. తలకు నూనె రాసుకున్నవాళ్లు దగ్గరికి వస్తే కసిరేది. తర్వాత విజయవాడ నుంచి రెడీమేడ్ సరుకు దిగింది, గది ఖాళీ అయింది. అమ్మ దుప్పటి ఉతికి మడతపెట్టింది.

నేను ఆ ఊళ్లోనే ప్రైవేటు బడిలో టీచర్ని. బడి అయ్యాక ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చోవడం కొత్తగా అలవాటైంది. పైసా కట్టకుండా బ్లాగు తెరవొచ్చని అక్కడే తెలిసింది. అమ్మ పనితనం నలుగురికీ కనబడితే చాలు, వాళ్లే వెతుక్కుంటూ వస్తారనుకున్నాను. ఆ "వెతుక్కుంటూ" అనే మాటలో ఎంత తతంగం ఉందో అప్పుడు నాకు తెలియదు.

అమ్మ ఒకే ఒక్క షరతు పెట్టింది.

"మొదలు దేవుని పేరుండాలె. మనింట్ల ఏది మొదలువెట్టినా గట్లనే గద."

అది నిజమే. మా ఇళ్లల్లో పెళ్లి పత్రిక మీద, గుమ్మం మీద, ఆఖరికి నాన్న సైకిలు మడ్‌గార్డు మీద కూడా దేవుని మాటే ముందుంటుంది. నేను మారుమాట్లాడకుండా బ్లాగుకు "ప్రభువు నామములో మీకు వందనములు" అని శీర్షిక పెట్టాను. కొన్ని కంప్యూటర్లలో తెలుగు డబ్బాలు డబ్బాలుగా కనబడేది కాబట్టి అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లోనూ రాశాను. కింద ఒక పెద్ద ప్రార్థన. దాని కింద ఫొటోలు. వాటి కింద, నాకున్న తెలుగు పాండిత్యమంతా ఒలకబోసి, "వధువు మేలిముసుగు" అంటూ నాలుగు మాటలు. చూసుకుని మురిసిపోయాను.

కొన్ని వారాలకు మొదటి కామెంటు వచ్చింది. కాళ్లు నేలమీద ఆనలేదు. తెరిచి చూస్తే, పరీక్షలు రాస్తున్నాను, ప్రార్థన చేయండి అని ఎవరో అబ్బాయి. తర్వాత ఒకామె ఉద్యోగం కోసం. ఆ తర్వాత ఒకమ్మాయి: "మా అమ్మకు ఖమ్మంలో ఆపరేషన్. నాకు ఎవరూ లేరు. మా అమ్మ కోసం ప్రార్థన చేయండి." వీల్ గురించి అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు.

ఒళ్లు మండి ఇంటికొచ్చి చదివి వినిపించాను. అమ్మ నవ్వుతుందనుకున్నాను. ఆమె కొంగు తలమీదికి లాక్కుని మోకాళ్ల మీద కూర్చుంది. అప్పటి నుంచి నేను గడప తొక్కగానే అడిగేది ఒక్కటే.

"ఆపరేషన్ పిల్ల ఏమన్న రాసిందా?"

"లేదమ్మా. బేరాలు కూడా రాలే. గదడుగు ముందు."

అసలు సంగతేమిటో చూద్దామని సెంటర్‌లో కూర్చుని, నేనే పెళ్లికూతుర్ని అనుకుని, ఖమ్మంలో క్రిస్టియన్ వెడ్డింగ్ వీల్ అని ఇంగ్లీషులో కొట్టాను. పేజీలకు పేజీలు తిప్పినా మేము లేము. ప్రభువు, వందనాలు, ప్రార్థన అని కొడితే మాత్రం కాస్త తిప్పగానే దర్శనమిచ్చాం. నా మీద నాకే కోపమొచ్చింది.

కొత్తగా సైట్లు పెట్టుకునేవాళ్ల కోసం ఎవరెవరో రాసిన పాఠాలు అప్పుడు కూర్చుని చదివాను. అర్థమైంది ఇది. వెతికిపెట్టే యంత్రానికి ఫొటో కనబడదు, పూసల పనితనం అసలే కనబడదు. దానికి తెలిసినవి అక్షరాలే. అందులోనూ పేజీ శీర్షిక, మొదటి మాటలు చూసి ఇది ఫలానా సంగతి అని తేల్చుకుంటుంది. మనం గొప్పగా రాసుకున్న మాటలు కాదు, అవతలివాళ్లు వెతుకుతూ కొట్టే మాటలు ఆ పేజీలో ఉండాలి. మేలిముసుగు అని ఏ పెళ్లికూతురూ కొట్టదు. మా అమ్మే దాన్ని వీల్ అంటుంది.

ఇదంతా చెప్పి, శీర్షిక మారుస్తానన్నాను. అమ్మ మొహం గంటు పెట్టుకుంది.

"నాలుగు బేరాల కోసం దేవుణ్ని కిందికి జరుపుతవా?"

"లేకుంటె మిషన్ అమ్ముకుంటవా?"

"అమ్ముకుంట. నీకేంది?"

నాకు ఏడుపొచ్చింది. ఆ మిషను చప్పుడు వింటూ పెరిగినదాన్ని. చెయ్యి పట్టుకుని ఆమెను బయటికి లాక్కొచ్చి షాపు బోర్డు చూపించాను. దాని మీద పైన మూలకు చిన్న సిలువ, మధ్యలో బారెడు అక్షరాలతో "పెండ్లి గౌన్లు, వీల్ కుట్టబడును" అని ఉంది. ఆ బోర్డు అమ్మ దగ్గరుండి రాయించుకున్నదే.

"ఇక్కడ రాస్తె తప్పు కాదుగని, అక్కడ రాస్తె తప్పా?" అన్నాను.

అమ్మ బోర్డు వంక చూసింది. ఎండకు కళ్లు చికిలించింది.

"సరే తియ్యి. గని ఆ రాసినోళ్ల ముంగట తలుపెయ్యకు. ఆ పిల్ల మళ్ల వస్తె ఏడ వెతుక్కుంటది?"

పాత శీర్షికను, ప్రార్థనను, ఆ కామెంట్లను కదిలించకుండా ఆ పేజీని అలాగే ఉంచాను. బ్లాగుకు మాత్రం వీల్, గౌన్ల పేరు ఇంగ్లీషులో కూడా పెట్టి, గౌన్లకొక పేజీ, వీల్‌కొక పేజీ విడిగా రాశాను. సారపాక పేరు దూరంవాళ్లకు తట్టదు కాబట్టి భద్రాచలం, కొత్తగూడెం, ఖమ్మం అని కూడా చేర్చాను. ఫొటోలకు కెమెరా దానంతటదే పెట్టిన అంకెల పేర్లు తీసేసి, వాటిలో ఏముందో ఆ పేర్లే పెట్టాను. అత్యాశకు పోయి ఒక పేజీలో వీల్ అనే మాట వరుసబెట్టి దంచితే, అప్పుడప్పుడే వెతికితే కనబడసాగిన ఆ పేజీ కాస్తా ఎక్కడికో జారిపోయింది. తిట్టుకుంటూ అవన్నీ తుడిచేసి, బట్ట రకం ఏది, అంచుకు ఏ పూసలు, పొడవెంత, ఎన్నాళ్లలో ఇస్తాం, కొలతలు ఎలా పంపాలి, షాపు ఫోను నంబరెంత అని మనిషికి చెప్పినట్టు రాశాను. ఖమ్మంలో ఒక చర్చివాళ్లకు వెబ్‌సైటు ఉంటే, మా లింకు పెట్టమని వెళ్లి అడిగాను. పెట్టారు. తెలిసినవాళ్లు మన ఇల్లు వేలుపెట్టి చూపిస్తే యంత్రానికి కూడా గురి కుదురుతుందట.

శ్రమల దినాలు మొదలయ్యాయి. ఈస్టర్ ముందరి ఆ రోజుల్లో మాలో పెళ్లిళ్లు జరగవు, పండుగ తర్వాతి పెళ్లిళ్లకు ఆర్డర్లు వచ్చేది మాత్రం అప్పుడే. నేను రోజూ సెంటర్‌కు వెళ్లి చూసేదాన్ని. రోజూ ఉత్త చేతులతో వచ్చేదాన్ని. యంత్రం మారిన పేజీలను చదువుకోవడానికి టైం పడుతుందని పాఠాల్లో రాసి ఉంది, కానీ నాకు ఓపిక తక్కువ.

ఈస్టర్‌కు ముందు వారం వచ్చే మట్టల ఆదివారం అయిపోయాక మొదట వచ్చింది బేరం కాదు. పాత పేజీలో ఆ అమ్మాయి కామెంటు. అమ్మ ఇంటికి వచ్చేసిందని, గంజి తాగుతోందని, మీ పేజీ మళ్లీ దొరుకుతుందో లేదో అనుకున్నానని రాసింది. పరుగున వచ్చి చెప్పాను. మా అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చేసింది, నేనూ ఏడ్చాను. ఆ మాటకు మిషను సంగతి ఇద్దరం మరిచిపోయాం.

ఆ వారంలోనే షాపు ఫోను మోగింది. బోనకల్ నుంచి ఒక తల్లి.

"వీల్ కుట్టేది మీరేనా అండీ? మా అమ్మాయి కంప్యూటర్లో చూసింది. అంచుకు పూసలు ఉన్నదే కావాలంటోంది."

అమ్మ రిసీవర్ చేత్తో మూసి నా వంక చూసింది.

"గా పూసలు ఆమెకెట్ల తెలుసే?"

"నేను రాసిన" అన్నాను. అంత గర్వంగా ఆ మాట మళ్లీ ఎప్పుడూ అనలేదు.

ఆ వెనక కొత్తగూడెం నుంచి ఒకరు, భద్రాచలం నుంచి ఒకరు వచ్చారు. తండోపతండాలుగా ఏమీ రాలేదు. తెల్ల దుప్పటి మాత్రం మళ్లీ నేలమీద పరుచుకుంది.

ఈస్టర్ వెళ్లాక అన్న మాట ప్రకారం టేకులపల్లి టైలర్ ఆటో మాట్లాడుకుని మరీ వచ్చాడు. గుమ్మంలో నిలబడి, "అక్కా, మిషన్ తీస్కపోనీకి వచ్చిన" అన్నాడు. మిషను తొక్కుతున్న అమ్మ కాళ్లు ఆపలేదు. బోనకల్ అమ్మాయి వీల్ అంచు సూది కింద నడుస్తూనే ఉంది.

"కూసో తమ్మీ, చాయ్ తాగి పో" అంది. "మిషన్ ఖాళీగ లేదు."